అరచేతిలోని బడికి తాళం ఎవరి చేతిలో?

ఒక ఉద్యోగ పరీక్ష సజావుగా జరగడానికి మూడు కోట్లకు పైగా జనాభా ఉన్న రాష్ట్రంలో ఇంటర్నెట్ ఆపాలా? ఆపవచ్చుననే జార్ఖండ్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో నిర్ణయించింది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పట్టభద్ర స్థాయి పరీక్షలో అక్రమాలను అడ్డుకోవడానికంటూ ఆ నెల 21, 22 తేదీల్లో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేసింది. రెండో రోజు హైకోర్టు జోక్యం చేసుకుని, తన అనుమతి లేకుండా పరీక్షల పేరిట ఇంటర్నెట్ ఆపరాదని ఆదేశించవలసి వచ్చింది. ఇంత చేసినా ప్రశ్నపత్రం బయటికి పొక్కిందన్న ఆరోపణలు రానే వచ్చాయి. అభ్యర్థులు రోడ్డెక్కారు. వ్యవహారం మళ్లీ హైకోర్టు గడప తొక్కింది.

ఆ రెండు రోజులపై జరిగిన చర్చలో ఎక్కువగా వినిపించినవి వ్యాపార నష్టం, ప్రయాణికుల అగచాట్లు, నగదు చెల్లింపుల ఇబ్బంది. ఆ గంటల్లో ఎందరి చదువు ఆగిపోయిందన్న లెక్క దాదాపు ఎక్కడా కనిపించలేదు. అందుకు కారణం ఉంది. ఫోనును పాలకులు శాంతిభద్రతల సమస్యగా చూస్తున్నారు, పార్టీలు ప్రచార సాధనంగా చూస్తున్నాయి, కంపెనీలు సంతగా చూస్తున్నాయి. దాన్ని బడిగా చూడవలసిన అవసరం మాత్రం ఎవరికీ తోచడం లేదు. ఆ బడిలో చదువుకుంటున్న కోట్ల మందికి ఆ మాట గట్టిగా చెప్పే ప్రతినిధి లేడు. ఈ లోపం ఎంత లోతైనదో తెలియడానికి జంషెడ్‌పూర్ పక్కనున్న ఆదిత్యపూర్ కంటే తగిన ఊరు లేదు.

ఖర్కాయీ నదికి ఒక ఒడ్డున తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోని జంషెడ్‌పూర్ ఉంది, ఇవతలి ఒడ్డున సరాయికెలా-ఖర్సావాన్ జిల్లాలోని ఆదిత్యపూర్ ఉంది. టాటాల ఉక్కు, వాహన కర్మాగారాలను ఆనుకుని ఎదిగిన పట్టణమిది. 1972లో ఇక్కడ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి సంస్థ ఏర్పడింది. విడిభాగాలు తయారుచేసే చిన్న, మధ్యతరహా యూనిట్లు ఇప్పుడు వందల్లో ఉన్నాయి. 1960లో రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలై 2002లో జాతీయ హోదా పొందిన ఎన్ఐటీ ఇక్కడిదే. పక్కనే గమ్హరియాలో ఇండో డానిష్ టూల్ రూమ్ ఉంది. అంటే చదువులో మూడు అంచెలూ ఒకేచోట ఉన్న ఊరిది: ఇంజనీరింగ్ డిగ్రీ ఇచ్చే సంస్థ, యంత్రవిద్య నేర్పే శిక్షణశాల, చేతిపనిని చేతికే అప్పగించే కార్ఖానా. అయినా ఎన్ఐటీ గేటుకు, ఇండక్షన్ ఫర్నేస్ ముందు నిలబడ్డ కాంట్రాక్టు కార్మికుడికి మధ్యనున్న కొద్ది కిలోమీటర్ల దూరం అరవై ఏళ్లలో తరగలేదు.

ఆ దూరాన్ని తగ్గించే శక్తి ఫోనుకు ఉంది. సొంతంగా ఎంచుకున్న మనుషులు, సంస్థలు, పత్రికలు, నిపుణుల మాటలను సామాజిక మాధ్యమాల ద్వారా రోజూ అనుసరిస్తూ, సందేహాలు అడుగుతూ, తెలిసింది తిరిగి పంచుతూ ఒక మనిషి తన చుట్టూ అల్లుకునే చదువుల బృందాన్ని విద్యారంగంలో పర్సనల్ లెర్నింగ్ నెట్‌వర్క్ అంటున్నారు. సొంత అధ్యయన వలయం అనుకుంటే మన నోటికి సులువు. జ్ఞానం ఒక్కరి తలలో కుదురుగా కూర్చునేది కాదనీ, మనుషుల మధ్య సంబంధాల్లో ప్రవహిస్తుందనీ, ఆ సంబంధాలను పెంచుకోవడమే చదువనీ కెనడాకు చెందిన జార్జ్ సీమెన్స్ 2005లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే ట్విటర్ వచ్చింది. 2007లో హ్యాష్‌ట్యాగ్ ఆలోచన పుట్టింది. 2009లో అమెరికాలో కొందరు ఉపాధ్యాయులు ఎడ్‌చాట్ పేరుతో వారం వారం చర్చ మొదలుపెట్టారు. ఒకరి పేరు ఒకరికి తెలియని ఉపాధ్యాయులు పాఠం చెప్పే పద్ధతుల గురించి చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడుకోవడం అక్కడ అలవాటైంది. శిక్షణ తరగతికి పంపమని పై అధికారికి దరఖాస్తు పెట్టుకునే అవసరం తప్పింది.

పేరు కొత్తదే గాని తెలుగు నేలకు ఈ పని కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేనాటికే ఊరూరా పత్రికలు తెప్పించుకుని, ఒకరు చదువుతుంటే పదిమంది విని, ఆపైన వాదించుకునే సంస్కృతి వేళ్లూనుకుంది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు దాన్ని ఉద్యమంగా మలిచారు. 1930లలో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువపై పడవలో పుస్తకాలు తిప్పారు. చదువరి గ్రంథాలయానికి రాలేనప్పుడు గ్రంథాలయమే చదువరి దగ్గరికి వెళ్లాలన్నది ఆ పడవ వెనుక ఉన్న ఆలోచన. ఇంటర్నెట్ తొలినాళ్లలో ప్రవాసాంధ్రులు యూజ్‌నెట్ బృందాల్లోనూ, ఆ తర్వాత రచ్చబండ వంటి యాహూ గుంపుల్లోనూ ఛందస్సు నుంచి రాజకీయాల దాకా తగవులాడుకుంటూ నేర్చుకున్నది కూడా ఈ పద్ధతిలోనే. గ్రంథాలయోద్యమం నుంచి స్వాతంత్ర్యోద్యమానికి కార్యకర్తలు వచ్చారన్న సంగతిని రాజకీయ పాఠకులు మరువరాదు. కలిసి చదువుకోవడం అలవాటైన జనం ప్రశ్నించడమూ అలవాటు చేసుకుంటారు. నాటి దొరతనం పఠనాలయాలపై ఓ కన్ను వేసి ఉంచింది ఆ భయంతోనే.

ఆదిత్యపూర్‌లో ఈ వలయం ఎవరికి, ఎందుకు కావాలి? 2019 వేసవి తర్వాత వాహన పరిశ్రమ మందగించినప్పుడు జంషెడ్‌పూర్‌లోని టాటా మోటార్స్ కర్మాగారం విడతలవారీగా ఉత్పత్తి ఆపింది. దాని ఆర్డర్లపై బతికే ఆదిత్యపూర్ యూనిట్లు అనేకం షట్టర్లు దించాయి. వేలాది కాంట్రాక్టు కార్మికులు ఖాళీ చేతులతో మిగిలారు. అదే సమయంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు తప్పనిసరి కానున్నాయి. ఏ విడిభాగానికి గిరాకీ తగ్గుతుంది, దేనికి పెరుగుతుంది, ఏ యంత్రం నేర్చుకుంటే పని దొరుకుతుంది, ఆగిపోయిన భవిష్యనిధి సొమ్ము ఎలా రాబట్టుకోవాలి అన్న ప్రశ్నలకు జవాబులు దేశంలో ఎక్కడో ఒకచోట ఉన్నాయి. పుణె, చెన్నై, రాజ్‌కోట్ వంటి కేంద్రాల్లో ఇదే పని చేసేవారికి తెలుసు. కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదులకు తెలుసు. ఆదిత్యపూర్‌లో లేత్ పట్టిన చేతికి ఆ జవాబు చేరే దారి మాత్రం కార్యాలయాల ద్వారా లేదు. దారి ఉన్నది ఫోనులోనే.

చేతిలో ఫోను ఉన్నంత మాత్రాన వలయం ఏర్పడదు. దానికి కొంత క్రమశిక్షణ కావాలి. ముందుగా తనకు తెలియవలసింది ఏమిటో మనిషి నిర్ణయించుకోవాలి. అది తేల్చుకోకుండా తెరిచిన ఖాతాలో కంపెనీ చూపించదలచుకున్నదే కనిపిస్తుంది. తరువాత అనుసరించవలసినవారిని ఎంచుకోవాలి. అందులో మూలాలకు దగ్గరగా ఉన్నవారికి పెద్దపీట వేయాలి. బడ్జెట్ గురించి పది మంది వ్యాఖ్యాతలను అనుసరించడం కంటే బడ్జెట్ పత్రాలను విడమరిచి పెట్టే ఒక్క సంస్థను అనుసరించడం మేలు. చట్టసభల పనికి పీఆర్ఎస్ వంటి సంస్థ ఉంది, ఎన్నికలకు ఎన్నికల సంఘం గణాంకాలున్నాయి, కోర్టు తీర్పులకు తీర్పు ప్రతినే జోడించి పెట్టే న్యాయ విలేకరులున్నారు. మూడోది, తనకు నచ్చని అభిప్రాయం ఉన్నవారిలో నిజాయితీపరులు కొందరినైనా వలయంలో ఉంచుకోవాలి. నాలుగోది అడగడం. మైక్రోబ్లాగింగ్‌లో ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే పరిచయం, సిఫారసు లేకుండానే ఒక ఆర్థికవేత్తనో ఇంజనీరునో సూటిగా ఒక ప్రశ్న అడగవచ్చు. పదింటిలో రెండింటికి జవాబు వచ్చినా అది లాభమే. చివరిది తిరిగి ఇవ్వడం. తాను నేర్చుకున్నది సొంత భాషలో, సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసి పెట్టినవాడికే ఆ వలయంలో స్థానం స్థిరపడుతుంది. తీసుకుపోవడమే తప్ప ఇవ్వడం తెలియని వలయం కొన్నాళ్లకు వట్టి సమాచార పంపిణీ కేంద్రంగా మారిపోతుంది.

ఈ మాటలన్నీ ఎంత ఆశాజనకంగా ఉన్నా, సరాయికెలా జిల్లా గురించి రాసేటప్పుడు 2017 మే 18ని దాటిపోవడానికి వీల్లేదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు అంతకుముందు రోజుల్లో ఆ ప్రాంతమంతా పాకాయి. ఆ రోజు ఈ జిల్లాలోని శోభాపూర్‌లో నలుగురిని, నది అవతల జంషెడ్‌పూర్ శివారులోని నాగాడీహ్‌లో ముగ్గురిని గుంపులు కొట్టి చంపాయి. చనిపోయినవారిలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ప్రాణభిక్ష వేడుకుంటున్న మనిషి దృశ్యాలు మళ్లీ అవే ఫోన్లలో చేతులు మారాయి. మరుసటి ఏడాది మే నెలలో ఇదే వదంతి తెలంగాణలోనూ ప్రాణాలు తీసింది.

ఫోనును చదువుల సాధనంగా సమర్థించే ఎవరైనా ఈ శవాలకు సమాధానం చెప్పుకోవాలి. అధ్యయన వలయానికీ వదంతి గుంపుకూ పునాది ఒకటే: తెలిసినవాడు పంపాడు కాబట్టి నమ్మడం. తేడా ఎక్కడుందో వెతికితే మూడు చోట్ల కనిపిస్తుంది. వదంతికి మూలం ఉండదు, ఎవరు మొదట రాశారో తెలియదు. వదంతి మూసిన గుంపులో తిరుగుతుంది, బయటివాడు చూసి ఇది తప్పని చెప్పే వీలుండదు. వదంతి వెంటనే ఏదో ఒకటి చేయమంటుంది, ఆగి అడగడానికి సమయమివ్వదు. బహిరంగంగా, రాసినవారి పేరుతో, తప్పు దిద్దుకునే అవకాశంతో సాగే చర్చకు ఈ మూడు లక్షణాలూ విరుద్ధం. బహిరంగ వేదికల్లో అబద్ధాలు లేవని దీని అర్థం కాదు. అక్కడ అబద్ధాన్ని బహిరంగంగానే ఎదుర్కొనే వీలుందని మాత్రమే అర్థం. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ 2018లో భారతదేశంలో పరిమితి విధించింది. అంటే తన నిర్మాణంలోనే ప్రమాదం ఉందని కంపెనీ కూడా పరోక్షంగా అంగీకరించినట్టే.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఈ ప్రమాదానికి విరుగుడుగా ఇంటర్నెట్ కట్టేయమనలేదు. పోలీసులను గ్రామాలకు పంపారు. డప్పు, పాట తెలిసిన కళాకారులతో వదంతి గురించి ఊళ్లలో చెప్పించారు. గ్రామ పెద్దలున్న వాట్సాప్ గుంపుల్లో పోలీసులను చేర్చి, అనుమానం కలిగిన సందేశాన్ని ముందు తమకు పంపమన్నారు. ఆమె పరిధిలోని పల్లెల్లో వదంతికి ఎవరూ బలికాలేదు. విశ్లేషించి చూస్తే ఆమె చేసింది ఒక జిల్లా ప్రజలకు అధ్యయన వలయం అల్లి ఇవ్వడమే: నమ్మదగిన మనిషిని వలయంలో చేర్చారు, అడగడం నేర్పారు, జవాబు ఇచ్చారు. ఒక పోలీసు అధికారి కొద్ది నెలల్లో చేయగలిగిన పనిని విద్యాశాఖలు ఇన్నేళ్లలో ఎందుకు చేయలేకపోయాయన్నది అడగవలసిన ప్రశ్న.

పార్టీల సంగతి ఇంకా విచారకరం. సామాజిక మాధ్యమాల శక్తిని అందరికంటే ముందు గుర్తించినవారు రాజకీయ నాయకులే. ఆదిత్యపూర్ ఉన్న సరాయికెలా నియోజకవర్గానికి ఏళ్లుగా ప్రాతినిధ్యం వహిస్తున్న చంపయీ సోరెన్ 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయ్యారు, జులైలో దిగిపోయారు. తనకు జరిగిన అవమానాన్ని ఆగస్టు 18న ఎక్స్‌లో సుదీర్ఘంగా రాసుకున్నారు. ఆ నెలాఖరుకు బీజేపీలో చేరారు. ఒక రాష్ట్ర రాజకీయాలను మలుపుతిప్పిన ప్రకటన పత్రికా సమావేశంలో కాక మైక్రోబ్లాగులో వెలువడిందంటే ఆ వేదిక స్థాయి అర్థమవుతుంది. ఆయన ప్రత్యర్థి వర్గమూ అదే బాటలో నడిచింది. కరోనా కాలంలో హేమంత్ సోరెన్ ట్విటర్‌లో వచ్చిన విన్నపాలకు జిల్లా అధికారులను జోడించి, సాయం అందించమని బహిరంగంగానే ఆదేశించేవారు. వలస కార్మికులతో దేశంలో తొలి ప్రత్యేక రైలు 2020 మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకే వెళ్లింది. సుమారు 1,200 మంది అందులో ఇల్లు చేరారు. ఆ రోజుల్లో ట్వీటు చేయగలిగినవాడి గోడు ముఖ్యమంత్రికి వినిపించింది. చేయలేనివాడు నడిచాడు.

ఇది ఉపకారమే, కాదనలేం. అయితే ప్రజలు అర్జీ పెట్టుకోవడం, పాలకుడు వరమివ్వడం అనే పాత దర్బారు పద్ధతే ఇందులోనూ సాగింది. అర్జీదారు ఏ హక్కు కింద తనకు ఆ సాయం రావాలో తెలుసుకున్నప్పుడు మాత్రమే అది చదువవుతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే వరస. ప్రధాన పార్టీలన్నింటికీ సామాజిక మాధ్యమ విభాగాలున్నాయి, జీతాలిచ్చి నడిపే బలగాలున్నాయి. వాటి పని ప్రత్యర్థిని తిట్టడం, తిట్టినవారిని వెతికి కేసు పెట్టించడం. 2020లో విశాఖ గ్యాస్ లీకేజీపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలతో కూడిన పోస్టును పంచుకున్నందుకు గుంటూరుకు చెందిన ఒక మహిళకు సీఐడీ నోటీసు అందింది. ప్రశ్న అడిగితే పోలీసు వస్తాడన్న భయం ఉన్నచోట ఏ వలయమూ నిలవదు. భావప్రకటనకు అడ్డొచ్చిన 66ఏ నిబంధనను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినా, ఆ నిబంధన నింపిన భయం మాత్రం అధికార యంత్రాంగం చేతిలో పదిలంగా ఉంది.

మరొక అడ్డంకి పేదరికం. 2021 జూన్‌లో జంషెడ్‌పూర్‌లో పదకొండేళ్ల బాలిక ఆన్‌లైన్ పాఠాలకు ఫోను కొనుక్కోవడానికి రోడ్డు పక్కన మామిడిపళ్లు అమ్మింది. వార్త చూసిన ముంబయి వ్యాపారి ఒకాయన పండు 10,000 రూపాయల చొప్పున డజను పళ్లు కొని ఆమె చదువు నిలబెట్టారు. ఆయన ఔదార్యాన్ని దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోలు హోరులో, పక్క బండి దగ్గర పళ్లమ్మే పిల్లకు ఫోను ఎవరిస్తారన్న ప్రశ్న వినిపించలేదు. జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు గ్రామాల్లో దాదాపు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు 33 శాతం, పురుషులు 57 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు మెరుగుపడి ఉండవచ్చు. ఇంట్లో ఒకే ఫోను ఉన్నప్పుడు అది అన్న చేతిలోనే ఉంటుందన్న వాస్తవం మాత్రం అంత త్వరగా మారదు.

అదే జార్ఖండ్ ప్రభుత్వం 2020లో డిజిసాథ్ పేరిట వాట్సాప్ ద్వారా పాఠాలు పంపింది. పాఠం పైనుంచి వచ్చేది, పిల్లవాడు అందుకునేవాడు. దుమ్కా జిల్లాలోని దుమర్థర్ గ్రామంలో ఒక ప్రభుత్వ పాఠశాల ఇంకో దారి పట్టింది. ఇళ్ల మట్టిగోడలపై నల్లబల్లలు గీసి, పిల్లలను ఎవరి గోడ దగ్గర వారిని కూర్చోబెట్టి, మైకులో పాఠం చెప్పింది. ఫోను లేని ఊళ్లో అధ్యయన వలయం ఎలా ఉండగలదో ఆ గోడలు చూపాయి. సాంకేతికత కంటే ముందుండవలసింది బుద్ధి అని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వలయాన్ని అల్లుకున్నవారికి ఇంకో గండం పొంచి ఉంది. ఆ నేల వారిది కాదు. 2020 డిసెంబరులో యాహూ గుంపులు మూతపడ్డాయి. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. చైనాతో తగవు ఎంత న్యాయమైనదైనా, పల్లెటూళ్ల సృజనకారులు కూడగట్టుకున్నదంతా ఒక్క రాత్రిలో పోయింది. రైతు ఉద్యమ కాలంలో ట్విటర్‌తో కేంద్రానికి పేచీ వచ్చినప్పుడు మంత్రులు స్వదేశీ వేదికంటూ కూ వైపు నడిచారు, అభిమానులను నడిపించారు. తెలుగుతో సహా భారతీయ భాషల్లో మైక్రోబ్లాగింగ్‌కు చోటిచ్చిన ఆ వేదిక 2024 జులైలో మూతపడింది. దాన్ని మోసిన మంత్రులు ఒక్క మాటా అనలేదు. ట్విటర్‌ను 2022 అక్టోబరులో ఇలాన్ మస్క్ కొన్నాక పేరు మారింది, నియమాలు మారాయి. పరిశోధకులు, చిన్న సంస్థలు ఉచితంగా వాడుకున్న సాంకేతిక ద్వారాలకు రుసుము పడింది. విదేశీ కుబేరుడైనా స్వదేశీ అంకురమైనా యజమాని ఒకడున్న చోట కౌలుదారు బతుకు కౌలుదారుదే. అందుకే వలయంలో మనుషులను దాచుకోవడం వేదికను నమ్ముకోవడం కంటే ముఖ్యం. ముఖ్యమైనవారి చిరునామాలు, తాను రాసుకున్న మాటలు, దాచుకున్న పత్రాలు తన దగ్గర ఒక ప్రతి ఉంచుకోవడం ప్రతి అభ్యాసకుడి ప్రాథమిక జాగ్రత్త.

యజమాని లేని నమూనాలు లేకపోలేదు. సంతాలీ భాషలో, ఓల్ చికీ లిపిలో, 2018 ఆగస్టులో వికీపీడియా మొదలైంది. 2003లో ఎనిమిదో షెడ్యూలులో చేరిన ఆ భాషలో విజ్ఞాన సర్వస్వాన్ని ప్రభుత్వం నిర్మించలేదు. ఒకరినొకరు ఇంటర్నెట్‌లో వెతుక్కున్న స్వచ్ఛంద రచయితలు నిర్మించారు. సరాయికెలా ప్రాంతపు మరో భాష హో. దాని వారంగ్ చితి లిపికి 2014లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. ఇది తెలుగువారికీ సంబంధించిన విషయమే. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరాలుగా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని రామమందిరం వారి ఐక్యతకు గుర్తు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బయట హిందీ చదివే ఆ పిల్లలకు తెలుగు లిపి చేరువ కావడానికి బడి కంటే ఫోనుకే ఎక్కువ అవకాశం ఉంది. ఎన్ఐటీకి వచ్చే తెలుగు విద్యార్థులు, ఊళ్లోని తెలుగు కార్మిక కుటుంబాలు ఒకే వలయంలో చేరడానికి అడ్డేమీ లేదు, తొలి అడుగు ఎవరు వేయాలన్నది తప్ప.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు, అవి కొట్టిపారేయదగ్గవీ కావు. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాడికి చదివే ఓపిక ఎక్కడిదన్నది మొదటిది. ఫోనులో నేర్చుకున్నదానికి ధ్రువపత్రం లేదు, అది లేకపోతే కూలి పెరగదన్నది రెండోది. చదువు బాధ్యతను పౌరుడి నెత్తిన వేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందన్నది మూడోది, అన్నిటికంటే బలమైనది. సొంతంగా నేర్చుకోమని చెప్పడం తేలిక. ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టులను భర్తీ చేయడం కష్టం. అందుకే అధ్యయన వలయాన్ని బడికి ప్రత్యామ్నాయంగా చూపేవారిని నమ్మకూడదు. వెల్డింగ్ వీడియో చూసి నేర్చుకోవచ్చు గాని, చేతిలో టార్చి పట్టించే గురువు లేకుండా అది పూర్తికాదు. టూల్ రూమ్ ఉండాలి, దానికి తోడుగా ఫోనూ ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోది తీసుకుంటామనే ప్రభుత్వం రెండూ ఇవ్వదు.

మరేం చేయాలి? కోర్టులు దారి చూపాయి. ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు, వృత్తి వ్యాపారాలకు రాజ్యాంగ రక్షణ ఉందని అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పు చెప్పింది. నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని ఆదేశించింది. అంతకుముందు 2019 సెప్టెంబరులో, హాస్టల్లో ఫోను ఆంక్షలను ప్రశ్నించిన విద్యార్థిని కేసులో కేరళ హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమంది. దేశంలో ఎన్నిసార్లు ఇంటర్నెట్ ఆపారో కేంద్రం దగ్గర లెక్కే లేదని 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం ఆక్షేపించింది. బడికి ఎన్ని రోజులు తాళం వేశారో రాసిపెట్టుకోని ప్రధానోపాధ్యాయుడిని ఏమంటాం?

కనుక డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పరీక్షల కోసం ఇంటర్నెట్ ఆపడాన్ని చట్టమే నిషేధించాలి. ప్రశ్నపత్రం కాపాడుకోవడం పరీక్ష పెట్టేవారి బాధ్యత, ఊరి జనానిది కాదు. పారిశ్రామిక వాడల్లో, పంచాయతీల్లో కనీసం ఒక పఠన మందిరం, అందులో ఉచిత ఇంటర్నెట్, అడిగితే చెప్పే మనిషి ఉండాలి. నాగభూషణం పడవకు ఇప్పటి రూపం అదే. ఎన్ఐటీ వంటి ప్రజాధన సంస్థలు తమ పాఠాల్లో కొన్నింటినైనా కార్మికుడికి అర్థమయ్యే భాషలో బహిరంగంగా పెట్టాలి. ప్రభుత్వ శాఖల ఖాతాలు మంత్రిగారి ఫొటోలు తగ్గించి, ఉత్తర్వుల ప్రతులు పెంచాలి. పాఠశాలలో ఎనిమిదో తరగతి నుంచైనా ఒక సందేశం మూలం ఎలా వెతకాలో, చిత్రం అసలుదో కాదో ఎలా పోల్చుకోవాలో నేర్పాలి. గద్వాల చేసిన పనికి ఒక అధికారి చొరవ మీద ఆధారపడే దుస్థితి తొలగాలి.

ఓటరుకూ ఒక పని ఉంది. ఇంటికి వచ్చిన అభ్యర్థిని రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగినట్టే, మా ఊళ్లో ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వుపై సంతకం పెడితే మీరు దాన్ని సభలో ప్రశ్నిస్తారా అని అడగాలి. ఆదిత్యపూర్ కార్ఖానాల్లో రాబోయే మందగమనం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చినప్పుడు పని పోయిన మనిషి మొదట తీసేది జేబులోని ఫోనునే. ఆ క్షణాన అందులో అతనికి దొరికేది దారి చూపే మనిషా, పగ రగిలించే వదంతా, లేక సిగ్నల్ లేని తెరా అన్నది ఇప్పుడు తీసుకునే రాజకీయ నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది.